డ్రైవరు తాగని నీళ్లు

బస్సు డ్రైవరు పొద్దున్నే ముందు రేడియేటర్‌లో నీళ్లు చూస్తాడు. వేలెడు తగ్గినా మెకానిక్ మీద నిప్పులు చెరుగుతాడు. తాను మాత్రం డ్యూటీ దిగేదాకా చుక్క నీళ్లు ముట్టడు. తాగితే దారిలో బండి ఎక్కడ ఆపాలన్నది అతని బాధ. ఎన్నాళ్లనుంచో కడుపు రాయిలా బిగుసుకుపోయింది. ఇంట్లో అతను బాత్రూం తలుపు వేసుకున్నాడంటే పిల్లలు బయట క్యూ కట్టాల్సిందే. చివరికి చెమటలు కక్కుతూ, వెళ్లినవాడు వెళ్లినట్టే బయటికొస్తాడు. రాత్రి విరేచనమయ్యే మాత్ర వేసుకుంటాడు, కాసేపు చూస్తాడు, కదలిక లేదని విసుక్కుని ఇంకోటి మింగుతాడు.

"అది పనిచేయడానికి తెల్లారుతుందని డాక్టరు చెప్పాడుగా! రాత్రికి ఒక్కటే, అదీ నాలుగు రోజులే అన్నాడు. ముందు నీళ్లు తాగమన్నాడు," అంటుంది భార్య.

"తాగి, బండి ఎక్కడ ఆపను? మీ నాన్న వాకిట్లోనా?"

నిన్న ఆ మాత్రలన్నీ కూడబలుక్కున్నట్టు నిండు బస్సులో ఒక్కసారే పనిచేశాయి. పెట్రోలు బంకు ముందు బండి ఆపి, కడుపు పట్టుకుని పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి ఇంజను కూడా చల్లారిపోయింది. నాలుక పిడచగట్టుకుపోయింది, బస్సులో జనం గొణుగుతున్నారు. ముందు సీటు పెద్దావిడ జాలిపడి తన నీళ్ల సీసా అందించింది. అతను దండం పెట్టి తీసుకున్నాడు. బానెట్ ఎత్తి, ఒక్క చుక్క మిగల్చకుండా రేడియేటర్‌లో పోశాడు. ఆవిడ నోరు తెరుచుకుని చూస్తుంటే ఖాళీ సీసా తిరిగి ఇచ్చాడు.

"మేలు చేశారమ్మా. నీళ్లు లేకుండా లాగిస్తే లోపలంతా పాడైపోతుంది."