ఖాళీగా తిరిగిరాని గిన్నె

ఇవాళ ఆఫీసుకు ఆలస్యమవుతుంటే మొదటిసారి ఇన్‌స్టంట్ ఉప్మా ప్యాకెట్ చింపాను. వేడినీళ్లు పోసి మూత తీయగానే నెయ్యి, కరివేపాకు వాసన. నేరుగా చిన్నప్పుడు ఎల్‌బీ నగర్‌లో మేం అద్దెకున్న ఇంట్లో పడ్డాను!

తెలంగాణ ఉద్యమం రోజులు గుర్తున్నాయా? బంద్ అంటే మనకి స్కూలు సెలవే కదా. అలాంటి ఓ రోజు హైవే మీద వంటావార్పు. నిరసనగా రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండుకుని తినేవాళ్లు. ఇంటి ఓనరు యాదమ్మత్త వచ్చి, "వదినా, నీ పెద్ద గిన్నె జర ఇస్తవా?" అంది.

మాది భీమవరం. "మనకెందుకీ గొడవ?" అని నాన్న లోపల్నించి గొణిగాడు. అమ్మ మాత్రం గిన్నె తోమి, దాన్నిండా వేయించిన రవ్వ పోసి ఇచ్చింది. "ఖాళీ గిన్నె ఎలా ఇస్తాను వదినా?"

సాయంత్రం ఆ గిన్నె ఉప్మాతో తిరిగొచ్చింది. "మరి నేను ఖాళీది ఎట్ల తెస్త?" అని నవ్వింది అత్త. పొద్దున్నుంచీ ముభావంగా ఉన్న నాన్న మళ్లీ మళ్లీ పెట్టించుకున్నాడు.

ప్యాకెట్‌కి ఆ రుచి రాలేదు లెండి. అయినా దానికో దండం. పక్క ఫ్లాటావిడ పాయసం పంపిన గిన్నె, తిరిగి పెట్టివ్వడానికి ఏమీ వండలేక, ఎన్నాళ్లుగానో మా వంటింటి గట్టు మీదే ఉండిపోయింది. ఇవాళ సగం ఉప్మా అందులో సర్ది, వాళ్ల బెల్ కొట్టాను.