గురువుగారిని అడగని మూడో ప్రశ్న

మా గురువుగారు పోయారన్న కబురు వచ్చేసరికి నా ముందు ఎవరిదో చేతి గడియారం విప్పి ఉంది. కుప్పం నుంచి ఆయన కూతురు ఫోను చేసింది. "నాయన పోయినాడన్నా. పొద్దున్నే కాఫీ తాగి కూసున్నాడు, అట్లే పోయినాడు" అంది. విప్పిన చక్రాల మీద గాజుమూత బోర్లించి, మదనపల్లెలోని నా దుకాణం మూసి బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. వచ్చే ఆదివారం వెళ్లి ఆయనతో ఒక మాట చెప్పాలనుకున్నాను. ఆ ఆదివారాన్ని రెండేళ్లకు పైగా వాయిదా వేస్తూ వచ్చాను.

ఆయన పుంగనూరు బస్టాండు దగ్గర వాచీలు బాగుచేసేవారు. నాకు ఈ విద్య నేర్పింది ఆయనే. జీవితమంతా ఇతరుల గడియారాలు బాగుచేసిన మనిషి తనకోసం కొనుక్కున్నది ఒక్కటే. ఏళ్ల తరబడి కూడబెట్టి, కుప్పంలో రైలెక్కి బెంగళూరు వెళ్లి, ఖరీదైన స్విస్ వాచీ తెచ్చుకున్నారు. చూస్తే ఖరీదైనదని ఎవరూ అనుకోరు. పలుచని ఉక్కు, మీగడ రంగు డయలు, అంకెలకు బదులు సన్నని గీతలు, రెండే ముళ్లు. తేదీ లేదు, సెకన్ల ముల్లు కూడా లేదు. రోజూ చేత్తో కీ ఇవ్వాలి.

టీ అంగడాయన దాన్ని చూసి నవ్వేవాడు. "బస్సు ఎప్పుడూ లేటే కదప్పా, నీకింత వాచీ యాల?" అని అడిగితే, "ఎంత లేటో తెలియాల గదప్పా" అనేవారు మా గురువుగారు, నవ్వకుండా.

ఈ వృత్తిలో నేను ఎన్నో వాచీలు చూశాను. రాళ్లు పొదిగినవీ, నాలుగు దేశాల సమయం చూపేవీ నా బల్ల మీదికి వచ్చాయి. కొన్నేళ్లు గడిస్తే వాటిలో చాలావాటికి వయసు కనబడుతుంది. ఆ రెండు ముళ్ల వాచీకి మాత్రం వయసు తెలిసేది కాదు. ఎందుకని ఒకసారి అడిగాను. దానిలో పాతబడడానికి ఏమీ పెట్టలేదని అన్నారు. మంచి వాచీని బీరువాలో దాచుకునేవాళ్లను చూస్తే ఆయనకు బాధ. "కట్టుకోకుండా పెడితే లోపల నూనె గడ్డ కడతాది. మనిషి సెయ్యి తగలతా ఉండాల దానికి" అనేవారు. పెళ్లికీ, చావుకీ, సంతకూ ఆ వాచీతోనే వెళ్లారు.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎంత చిన్న మరమ్మతయినా వాచీ మూత తీసేముందు తెచ్చినవాళ్లను మూడు ప్రశ్నలు అడిగేవారు. ఎవరు కట్టుకుంటారు, రోజూ కట్టుకుంటారా అన్నవి మొదటి రెండు. "దీంట్లో మేము ముట్టుకోకూడనిది ఏమన్నా ఉండాదా?" అన్నది మూడోది. పని నేర్చుకునే రోజుల్లో ఆ మూడో ప్రశ్న నాకు వింతగా తోచేది. ఒకనాడు రామసముద్రం రైతు ఒకాయన అద్దం పగిలిన వాచీ తెచ్చి, అద్దం మాత్రం మార్చవద్దన్నాడు. దాన్ని పగలగొట్టింది చనిపోయిన తమ్ముడట. గురువుగారు లోపలంతా శుభ్రం చేసి, ఆ పగిలిన అద్దాన్నే మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ బిగించారు. ఆనాటి నుంచి ఆ ప్రశ్న అడగకుండా నేను ఎవరి వాచీ మూతా తీయలేదు. ఒక్కరిది తప్ప.

భార్య పోయాక ఆయన పుంగనూరు దుకాణం ఎత్తేసి, కుప్పంలో కూతురి దగ్గరికి చేరారు. చేతులు వణకడం మొదలయింది. మూడేళ్ల క్రితం ఒకరోజు తన వాచీని తానే చేతి నుంచి తీసి నాకిచ్చి, నూనె వేసి తెమ్మన్నారు. అంతవరకూ దాన్ని ఆయన తప్ప మరొకరు తెరవలేదు. ఆ గౌరవానికి నేను పొంగిపోయాను. గురువును ప్రశ్నలు అడగడమేమిటి, ఆ వాచీలో నాకు తెలియనిది ఏముంటుంది అనుకున్నాను. నాలుగు రోజులు మరో పని ముట్టుకోకుండా ఒక్కొక్క చక్రమూ కడిగాను. ఆయన అడిగింది నూనె మాత్రమే. నేను ప్రేమకొద్దీ పైన ఉక్కుకు కూడా పాలిష్ పెట్టాను. కీ పక్కన గీతలు గుంపుగా ఉంటే, అవి పూర్తిగా పోయేదాకా రుద్ది అద్దంలా చేశాను.

తీసుకెళ్లి ఇచ్చినప్పుడు ఆయన ముందుగా చెవి దగ్గర పెట్టుకున్నారు. తరువాత బొటనవేలు కీ పక్కకు వెళ్లింది. అక్కడ ఆగింది. కొంచెం పైకి, కొంచెం కిందికి కదిలి మళ్లీ అక్కడికే వచ్చింది. "బాగా సేసినావప్పా. కొత్తదాని మాదిరి ఉండాది" అన్నారు. నేను సంతోషంగా ఇంటికి వచ్చాను.

కొన్ని నెలల తరువాత ఒక పెళ్లికని మదనపల్లెకు వచ్చిన ఆయన కూతురు నా దుకాణంలో కూర్చుని, మాటల మధ్య ఆ సంగతి చెప్పింది. ఆయన స్నానం చేసి వచ్చేలోపల ఆ వాచీకి రోజూ కీ ఇచ్చేది వాళ్లమ్మేనట. శని పట్టకూడదని ఆమె మధ్యవేలికి ఇనుప ఉంగరం పెట్టుకునేది. తిప్పిన ప్రతిసారీ అది ఉక్కుకు రాసుకునేది. అన్నేళ్ల పొద్దులు గీసిన గీతలవి. "అమ్మ పోయినాక నాయన దానిమింద వేలు పెట్టుకోని కూసుంటా ఉండినాడన్నా. ఇప్పుడూ ఎతకతానే ఉండాడు" అంది. నన్ను తప్పుపట్టడానికి ఆమె ఆ మాట అనలేదు. అందువల్లనే అది ఇంకా గుచ్చుకుంది.

క్షమించమని అడగడానికి కుప్పం మూడుసార్లు వెళ్లాను. టమోటా ధర గురించీ, రాని వాన గురించీ మాట్లాడి వచ్చాను. చివరిసారి ఆయన గేటు దాకా వచ్చి, నా ముఖంలోకి చూసి, "ఇంకేమన్నా సెప్పాలనా నాయనా?" అని అడిగారు.

"ఏం లేదయ్యా" అన్నాను.

కర్మాంతరం రోజున ఆయన కూతురు ఆ వాచీని చేతిరుమాలులో చుట్టి తెచ్చింది. "వానికియ్యి, వాడైతే రోజూ కట్టుకుంటాడు అని నాయన ముందే సెప్పినాడన్నా" అంటూ నా చేతిలో పెట్టింది. అప్పుడు, మూడేళ్లు ఆలస్యంగా, అడగవలసినది అడిగాను.

"దీంట్లో నేను ముట్టుకోకూడనిది ఏమన్నా ఉండాదామ్మా?"

ఆమె వాచీని నా అరచేతిలోనే తిప్పి, కీ పక్కన చూపించింది. "ఆడ" అంది.

జేబులోని భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాను. నేను అద్దంలా చేసిన ఉక్కు మీద సరిగ్గా అక్కడ, కందిబద్దంత మేర, మెరుపు చచ్చి మసకబారి ఉంది. అవి ఉంగరం గీతలు కావు. ఉంగరం గీతల కోసం మూడేళ్లపాటు ఒక వేలు వెతికిన చోటు అది.

ఇప్పుడు ఆ వాచీ నా చేతికి ఉంది. పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి కీ ఇస్తాను. తిప్పుతున్నప్పుడు నా బొటనవేలు తనంతట తానే ఆ మసక వైపు జరుగుతుంది. వెంట్రుకవాసి దూరంలో ఆగిపోతుంది.