మర్యాదకి అన్న ఆయ్

రొయ్యల చెరువు నన్ను నిలువునా ముంచేసింది. ఐపీ పెట్టక తప్పదని, దివాలా కేసుల్లో చెయ్యి తిరిగిన అమలాపురం లాయరును కలవడానికి బస్సెక్కాను. ఇల్లొక్కటైనా దక్కుతుందా అన్నదే నా బెంగ. పక్క సీటులోని పెద్దావిడకు సంగతంతా చెప్పాను.

"ఇల్లు ముందే మీ ఆవిడ పేరున రాసేసేరాండీ?" అంది.

"ఆయ్."

"ఎప్పుడండీ?"

"అబ్బే, రాయలేదండీ. మీరు మాట్లాడుతున్నారు కదాని మర్యాదకి అన్నాను."

"అప్పులెగ్గొట్టడానికే ఇల్లు నా పేరున రాసేరా అని కోర్టులో అడిగితే, మా ఆయనా మర్యాదకే ఆయ్ అన్నారండీ. ఇల్లు పోయింది. లాయరుగారి దగ్గర్నుంచే అలవాటు చేసుకోండి, ఆ ముక్క మీ నోట్లోంచి రాకూడదు."

లాయరు అడిగినవాటన్నిటికీ పెదవులు బిగించి తల మాత్రమే ఊపాను. ఆయన కళ్ళజోడు తీసి, జాలిగా చూసి, "పుట్టుకతోనే మాటలు రావాండీ?" అన్నారు.

"ఆయ్," అన్నాను.