నోరీన్ యూట్‌కి స్వే బార్

మా కోలాక్ ఊళ్లో నోరీన్‌ని ఎరగని పిల్లవాడు లేడు. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. అరవై మూడో ఏట పెళ్లికి సిద్ధమైంది. వరుడు రొట్టెల కొట్టు క్లైవ్. బంగారం లాంటి మనిషి, కాకపోతే బండి కాస్త ఒరిగిందంటే చాలు, కడుపులో తిప్పేస్తుంది.

పెళ్లి శనివారం, కొండకి అవతల సముద్రపు ఒడ్డున. దారంతా మలుపులే. నోరీన్‌కేమో వెనక సామాన్ల తొట్టి ఉన్న తన పాత హోల్డెన్ యూట్‌లో క్లైవ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లాలని పంతం. అందుకే ముందు చక్రాల పాత సస్పెన్షన్ పీకేసి కొత్త కిట్ బిగించింది. గతుకుల మీద హాయిగా పోతోంది గానీ, మలుపులో మాత్రం తాగినవాడిలా ఒరిగిపోతోంది.

“నీ మీద ప్రేమతో ఎక్కుతా నోరీన్, కానీ బకెట్‌తో దిగుతా! నేను మా తమ్ముడి కారులో వస్తాలే,” అన్నాడు క్లైవ్.

పాపం, ఆమె ముఖం చిన్నబోయింది. వెంటనే స్వే బార్ తెప్పించింది. రెండు ముందు చక్రాలనీ కలిపి, మలుపులో బండి ఒరగకుండా ఆపే ఉక్కు కడ్డీ అది.

పెళ్లికి ముందు ఆదివారం నేనూ క్లైవూ ఆమె షెడ్డులో చేరాం. నేను పక్కింటి లెస్‌ని. సాసేజ్‌లు కాల్చడం, అడక్కపోయినా సలహాలివ్వడం నా పని. మధ్యాహ్నానికల్లా నోరీన్ బార్ బిగించేసి, స్టాండ్ల మీంచి బండి దింపి, స్టీరింగ్ తిప్పింది. ఎడమకి తిరిగితే ఒట్టు! బార్ వెళ్లి స్టీరింగ్ కడ్డీకి తగులుతోంది.

“చక్రాలు గాల్లో వేలాడుతుంటే కొలిచావా? బండి నేల మీద నడుస్తుందమ్మా, ఆకాశంలో కాదు!” అన్నాను.

“నోర్ముయ్యరా లెస్! తప్పు నాదే, తెలుసు!” అంటూ తనే పగలబడి నవ్వింది. బార్‌ని పట్టి ఉంచే బ్రాకెట్లు కోసి పారేసి, ఈసారి చక్రాలు ఆనేలా బండిని ర్యాంపుల మీదికి ఎక్కించింది. “శనివారం ఇద్దరం కూర్చుంటాం. ఆ బరువుతోనే కొలవాలి. క్లైవ్, ఎక్కు. లెస్, నువ్వే నేననుకో.”

నేను పెళ్లికూతుర్నయి క్లైవ్ పక్కన కూర్చున్నాను. నోరీన్ కిందికి దూరింది.

“అయ్యో, కదులుతోంది!” అన్నాడు క్లైవ్.

“కదల్లేదయ్యా, నీ గుండె కొట్టుకుంటోంది! నా చెయ్యి వదులు, వేళ్లు విరిగేలా ఉన్నాయి!” అన్నాను.

కింద నోరీన్ నవ్వు ఆపుకోలేక స్పానర్ జారవిడిచింది. రెండుసార్లు.

నాలుగింటికి కొత్త బ్రాకెట్లు పడ్డాయి. స్టీరింగ్ ఇటూ అటూ వెన్నలా తిరిగింది. క్లైవ్ తను చేసుకొచ్చిన క్రీమ్ కేకు పళ్లెం ఒళ్లో పెట్టుకున్నాడు. “ఇది జారిందా, తమ్ముడి కారే,” అన్నాడు.

“బెల్టులు!” అని నోరీన్ బస్సులో అరిచినట్టే అరిచింది. ఇద్దరూ కొండ వైపు వెళ్లిపోయారు. నేను దారి వైపే చూస్తూ సాసేజ్‌లన్నీ మాడబెట్టాను, నిజం చెప్తున్నా.

గంటకి తిరిగొచ్చారు. పళ్లెం ఖాళీగా ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

“కేకేదిరా?”

“తినేశా,” అన్నాడు క్లైవ్. మీసమంతా క్రీమే.

“ఎక్కడ?”

“మలుపుల్లో.”

నోరీన్ స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. క్లైవ్ ఆమె వీపు నిమురుతూ నా వైపు తిరిగాడు.

“మా తమ్ముడికి ఫోన్ చెయ్, లెస్. శనివారం వాణ్ణొక్కణ్ణే రమ్మను.”