పలకల గనిలో ఐదో ముక్క

మద్రాసులో బి.ఏ. పాసై, మా ఇంట్లో మొదటి పట్టభద్రుణ్నయిన ఎండాకాలం అది. తోటి విద్యార్థులు మా ఊరు మార్కాపురంలో పటం, దిక్సూచి చూసుకుంటూ పరిగెత్తే పందెం పెట్టారు. దాచిన ఐదు పలక ముక్కలూ ఏరుకుని ముందొచ్చినవాడిదే గెలుపు. వారమంతా ఎండలో పరిగెత్తి సాధన చేశాను. పందెంలో నాలుగు ముక్కలు తొందరగా దొరికాయి. ఐదోది పాడుబడిన పలకల గనిలో, పాచినీళ్ల అంచున, ఉబ్బి కుళ్లిన మేక కింద ఉంది. పురుగులు లుకలుకలాడుతున్నాయి. వెనక ఇంకొకడి అడుగుల చప్పుడు! మేక కింద చెయ్యి పెట్టి ముక్క లాగేశాను.

ఐదు ముక్కలతో అందరికంటే ముందు గమ్యం చేరి, అట్నుంచటే ఇంటికి పరిగెత్తి అరిచాను: "నాయనా, నేనే ఫస్టు!"

నాయన ముక్కు మూసుకున్నాడు. "ఏంది ఫస్టు? నీ కంపు నీకంటే ముందొచ్చింది. ఆడనే నిలబడు."

మూడు బిందెల నీళ్లు నా మీద పోశాక అడిగాడు: "ఇంగ చెప్పు, ఎంతమందిలో ఫస్టు?"