వివరణ రాయనివ్వని ఫంక్షన్

పెనుకొండలో నన్ను ఎరిగినవాళ్లు నా మాటల్లో సగం తీసేసి వింటారు. వాళ్ల పాపాన వాళ్లు పోతారు. తినే అన్నం మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇక్కడ రాసేది అక్షరాలా జరిగింది. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. శ్మశానం పక్కన స్థలం దొరికితే అందరూ వద్దన్నా ఇల్లు కట్టుకున్నవాణ్ణి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ధర్మవరంలో నాకొక డిజైన్ సెంటర్ ఉండేది. పేరు పెద్దది, గది చిన్నది. పెనుకొండ నుంచి పొద్దున ప్యాసింజర్ రైల్లో వెళ్లేవాణ్ణి. పట్టుచీర అంచుల బొమ్మలు కంప్యూటర్‌లో గీసి, వాటి ప్రకారం మగ్గానికి తగిలించే చిల్లుల అట్టలు కొట్టించి ఇవ్వడం నా పని. అట్టలో చిల్లు తప్పితే చీర మీద బొమ్మ తప్పుతుంది.

ఆ పనికి వాడే సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్‌ది. అంటే లోపలి కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. దాన్ని మా మగ్గాలకు సరిపోయేలా మార్చింది హిందూపురంలో కంప్యూటర్ పాఠాలు చెప్పే కేశవయ్య సార్. మహా ముక్కోపి. బయట మనం నొక్కే మీటలకు వివరణ రాసి పెట్టాడు. లోపల ఒకదాన్నొకటి పిలుచుకుంటూ అసలు పని చేసే చిన్న చిన్న కోడ్ భాగాలకు, అంటే ఫంక్షన్లకు మాత్రం ఒక్క ముక్క లేదు. ఏది ఏం తీసుకుంటుందో, ఏం తిరిగి ఇస్తుందో చూసినవాడికి అంతు చిక్కదు. ఒకసారి అడిగితే నా మీద లేచాడు.

"లోపలిది నీకెందుకప్పా? హోటల్‌కు పోతే దోసె తింటావా, పొయ్యిలో తల పెడతావా?"

ఆ తర్వాత కొన్నాళ్లకు గుండెపోటుతో పోయాడు. కోడ్ మా నెత్తిన మిగిలింది. ఏదైనా చెడితే బాగుచేసే దిక్కు లేదు. అందుకని నేనే ఒక్కో ఫంక్షన్ పైన దాని పనేమిటో కామెంటుగా రాయడం మొదలుపెట్టాను. నా తర్వాత వచ్చేవాడు నాలాగా ఏడవకూడదు, అంతే నా పంతం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కామెంటు మనుషులు చదువుకోవడానికే. కంప్యూటర్ దాన్ని చదవదు, దాటి వెళ్లిపోతుంది. అందులో బూతులు రాసినా దానికి పట్టదు.

చాలా ఫంక్షన్లు పేచీ లేకుండా లొంగాయి. తర్వాత "తిప్పు" అనేది వచ్చింది. కుడి అంచు మీది నెమలిని అద్దంలో బొమ్మలా తిప్పి ఎడమ అంచుకు ఇస్తుంది. అందువల్లే రెండంచుల నెమళ్లు ఎదురెదురుగా చూసుకుంటాయి. పరీక్షించాను, అదే చేసింది. ఆ మాటే దాని పైన రాశాను. తర్వాత కొట్టించిన అట్టలు నేతగాడు మస్తాన్ తీసుకుపోయాడు.

మస్తాన్ నేసే మగ్గం అతనిది కాదు, షావుకారుది. అతని చేతికిచ్చిన మొదటి పెళ్లిచీర అది. బాగా వస్తే మగ్గం అతనికే ఉంటుంది, లేదంటే ఇంకొకరికి పోతుంది. పెళ్లాం, తల్లి ఆ మగ్గాన్నే నమ్ముకుని ఉన్నారు.

మర్నాడు నేను షట్టర్ ఎత్తకముందే వచ్చి నిలబడ్డాడు.

"ఏమన్నా, నెమళ్లకు విడాకులు ఇప్పిచ్చినావా? ఒగదానికొగటి వీపు తిప్పుకోనుండాయి. ఇది పెళ్లిచీరనా, పంచాయితీ చీరనా అని షావుకారు తిట్టిపోయినాడు. ఈ వారంలో సరిగ్గా రాకుంటే పడుగు కోసి మగ్గం లాక్కుంటాడంట."

"ముందు నువ్వు సరిగ్గా చూసినావా?" అని నేనూ ఎగిరాను. మా దగ్గర చీర బోర్లా నేస్తారు. పైకి కనిపించేది వెనకవైపు. ముఖం చూడాలంటే మగ్గం కింద అద్దం పెట్టుకోవాలి. కుడి ఎడమలు తారుమారై డిజైన్ సెంటర్లకూ నేసేవాళ్లకూ గొడవలు రావడం మామూలే. నేనూ ఆ గొడవకే దిగాను.

"బోర్లా ఏస్తే మొగం చూసుకుండేటివి వీపు తిప్పుకుంటాయా? నీ మొగం!" అన్నాడు మస్తాన్.

నిజమే. కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పాత కాపీ, కొత్త కాపీ పక్కపక్కన పెట్టి పోల్చాను. కామెంటు తప్ప ఒక్క అక్షరం తేడా లేదు. కామెంటు తీసేసి కాగితం మీద అచ్చు తీశాను. నెమళ్లు ఎదురెదురుగా వచ్చాయి. మళ్లీ రాశాను. వీపులు తిప్పుకున్నాయి. ఇంగ్లీషులో రాశాను, తెలుగులో రాశాను, మాటలు మార్చి రాశాను. పక్క వీధిలో ఇంకో కంప్యూటర్ మీద చూశాను. తనేం చేస్తుందో చెప్పినప్పుడల్లా అది దానికి సరిగ్గా ఎదురు పని చేస్తోంది. ఖాళీగా వదిలేస్తే బుద్ధిగా చేస్తోంది.

నేనూ తక్కువ వాణ్ణి కాను. కావాలనే అబద్ధం రాశాను: "ఇది నెమళ్లను పెడమొహంగా పెడుతుంది." దాన్నీ కాదని ఎదురెదురుగా పెడుతుందిలే అనుకున్నాను.

అచ్చు బయటికి వచ్చింది. నెమళ్లు ఎదురెదురుగానే ఉన్నాయి. మెడల మీద తలలు లేవు.

మస్తాన్ కుర్చీలోంచి లేచి గోడకు ఆనుకున్నాడు. "ఆయప్పేన్నా, కేశవయ్య సారే. సచ్చినా నీ మింద కోపం తీరలే. తుడిచెయ్. నీ రాత కోసం నా మగ్గం పోవాల్నా?"

ఒక్కటి వదిలేసినా నా పని సగం పనే. అది తెలిసీ తుడిచేశాను. కొత్త అట్టలు కొట్టించాను. చీర బాగా వచ్చింది. షావుకారు మెచ్చుకోలేదు కానీ, మగ్గం జోలికి రాలేదు.

మిగతా వివరణలన్నీ ఆ సాఫ్ట్‌వేర్ చూసుకునేవాళ్లకు పంపాను. ఎవరో ఊరూ పేరూ తెలియనివాడు జవాబిచ్చాడు, ఆ ఒక్కటి ఎగ్గొట్టిన సోమరివి అసలు మొదలుపెట్టడం ఎందుకని. చేతనైతే నువ్వే రాసుకో అన్నాను. తెలిసినవాళ్లు వైరస్ అన్నారు, కరెంటు హెచ్చుతగ్గులన్నారు. ఎందుకలా జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఒట్టేశాను కాబట్టి ఒప్పుకోవాలి. ఇందులో నేను కల్పించింది ఒకటే, కేశవయ్య సార్ చావు. అప్పటికి ఆయన నిక్షేపంగా ఉన్నాడు, కోడ్ మాటెత్తితే మాత్రం దగ్గరికి రానిచ్చేవాడు కాదు. గోడకు ఆనుకుని మస్తాన్ నిజంగా అన్నది, "ఇది ఆయప్ప చేసిందే, పోయి అడిగిరా, అంతదంకా నేను మగ్గం గుంతలోకి దిగను" అని.

హిందూపురం వెళ్లాను. సార్ లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి తలల్లేని నెమళ్లను చూశాడు.

"ఈ తిప్పు నేను రాసింది కాదప్పా. కోడ్ నా చేతికి వచ్చేతలికే ఉండె. అది ఏం చేస్తాదో దాని మింద నేనూ ఒగతూరి రాసినా. ఆ పొద్దుతో లోపలి దేనిమిందా రాయడం మానుకున్యా."

"ఏమైంది సార్?"

"నీకు బొమ్మలతోనే పోయింది. తుడిచేసుకో. ఇంగ ఈడికి రావద్దు." తలుపు వేసేశాడు.

ధర్మవరం వచ్చేసరికి మస్తాన్, నేసేటప్పుడు కాళ్లు దించే మగ్గం గుంత అంచున కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెబితే ఆ మగ్గాన్ని మళ్లీ ముట్టడు.

"ఏమన్యాడన్నా సార్?"

"ఆయన పోయినాడంటబ్బా, గుండెపోటు. చేసినోడే లేడు. తుడిచేసినా, ఇంగేం కాదు. నువ్వు నెయ్యి" అన్నాను.

నా మొహంలోకి చూసి, గుంతలోకి దిగాడు.