కాగితం మనిషి కోసం కన్నీటి ప్రార్థన

నేను మంచిదాన్నని చాలా ఏళ్ళు నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆదివారం బడిలో పిల్లల చేత పది ఆజ్ఞలు వల్లె వేయించేదాన్ని. వల్లె వేయించేవాళ్ళకు అవి వాటంతటవే అబ్బుతాయని అనుకునేదాన్ని. అలాంటి నేను పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలోనో ఎనభైలోనో ఒక దుర్మార్గుడి మీద మనసు పారేసుకున్నాను. ఆయన ఒక వారపత్రిక సీరియల్లో ఉండేవాడు.

అప్పుడు నంద్యాలలో టీచరుగా చేస్తూ, చర్చి వెనక వీధిలో గది అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే ఉండేదాన్ని. మా సొంతూరు ఆళ్ళగడ్డ. అక్కడ అమ్మ, వదిన, వదిన ఇద్దరు పిల్లలు ఉండేవారు. అన్న లేడు. మూడేళ్ళ కింద వాళ్ళను వదిలేసి, ఇంకొకామెతో సున్నిపెంటకు పోయి డ్యాము పనుల్లో చేరాడు. నేను ఊరికి పోయినప్పుడల్లా వదిన ఒక్క మాట కూడా అడగకుండా అన్నం పెట్టేది. ఆ అన్నం తినడం నాకు చాలా కష్టంగా ఉండేది.

సీరియల్లో ఆయన చేసిన ఘనకార్యాలు అంతకంటే ఎక్కువ. పెళ్ళాంబిడ్డల్ని వదిలేశాడు, పైగా దొంగసాక్ష్యం చెప్పి ప్రాణస్నేహితుణ్ణి జైలుకు పంపాడు. అయితే రాసినాయన ఒక చిన్న కిటుకు చేశాడు. ఆ మనిషికి బల్లి అంటే భయం పెట్టాడు. అంత మీసాల మనిషి, గదిలో ఎవరూ లేనప్పుడు, దుప్పటి రెండుసార్లు దులిపి నాలుగు గోడలూ చూసుకుని గాని పడుకునేవాడు కాదు. అది చదివి నేను కరిగి నీరైపోయాను. ఒక్క బల్లి కోసం దొంగసాక్ష్యాన్ని మాఫీ చేసేశాను.

బస్టాండు దగ్గర అంగడి శెట్టి పత్రికను ముందు తాను చదివి, తర్వాత నాకు అమ్మేవాడు. "మీవోడు ఈ వారం గూడా బాగుపడ్లేదు టీచరమ్మా" అంటూ చేతిలో పెట్టేవాడు. మీవోడు అన్నందుకు సిగ్గుపడాల్సింది పోయి లోపల్లోపల మురిసిపోయేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మా అన్న నా గదికి వచ్చాడు. నేను తలుపు తీయలేదు. కిటికీలోంచి, "ఈడ నీకెవురూ లేరు, పో" అన్నాను. కాసేపు నిలబడి, తెచ్చిన సీతాఫలాల సంచి గడప ముందర పెట్టి వెళ్ళిపోయాడు. ఒక్క పండు కూడా ముట్టకుండా అన్నీ పక్కింటికి ఇచ్చేశాను. ఎంత నీతిమంతురాలినని ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ వారమే సీరియల్లో ఆయనను ఎవరో కత్తితో పొడిచారు. రాసినాయన ఆయనను ఆస్పత్రి మంచం మీద పడేసి, సశేషం అని రాసి చేతులు దులుపుకున్నాడు. నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

గురువారం సాయంత్రం చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన కూటం జరిగేది. ఎవరి అవసరత వాళ్ళు చెప్పాలి, అందరూ కలిసి దానికోసం ప్రార్థించాలి. పాపం చేసినవాళ్ళ పేరు మాత్రం చెప్పకూడదు, అది మర్యాద. ఎవరి గురించో ఎవరికి వాళ్ళు ఊహించుకుని కళ్ళు మూసుకోవాలి. నా వంతు వచ్చింది. నోరు ఎలా తెరుచుకుందో తెలియదు. "ఒకాయన చావుబతుకుల్లో ఉండాడు. పెండ్లాంబిడ్డల్ని వదిలిపెట్టి పోయినాయన. మారుమనసు పొందకుండానే పోతాడేమో" అని బావురుమన్నాను.

ఆ ఇరవైమంది ఆడవాళ్ళు మోకాళ్ళ మీద పడి ప్రార్థించిన తీరు చూసి నాకే ముచ్చటేసింది. పాస్టరు అయ్యగారి భార్య నా తల మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. మా ఇంటి సంగతి వాళ్ళందరికీ తెలుసన్నది ఆ క్షణాన నాకు తట్టనేలేదు.

కూటంలో ఒకామె పుట్టిల్లు ఆళ్ళగడ్డ. ఆమె శనివారం ఊరికి పోయింది. ఆదివారం అక్కడి చర్చిలో కూడా ఆ మనిషి కోసం ప్రార్థన చేయించింది. ఆ విధంగా ఒక కాగితం మనిషి కోసం రెండు ఊళ్ళు దేవుణ్ణి బతిమాలాయి.

సోమవారం మొదటి బస్సుకే అమ్మ వచ్చింది. నేరుగా బడికే వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మీయన్న సావుబతుకుల్లో ఉండాడంట గదా. యాడుండాడు? ఏ ఆస్పత్రి?"

నేను నోరు తెరిచేలోపే మళ్ళీ తానే అంది. "నువ్వు వానికోసరం ఏడ్సినావంట. బస్సులో దావంతా అదే తలుసుకుంటి. వాడు పోయినా, నా బిడ్డలు ఒకటైనారు అనుకుంటి."

అబద్ధం చెప్పి గట్టెక్కుదామనుకున్నాను. ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను. "అన్నకేం కాలేదమ్మా. ఆయప్ప పత్రికలో కతలో మనిషి" అన్నాను.

అమ్మకు చదువు రాదు. బడి అరుగు మీద కూర్చుని, ముందు కొడుకు బతికే ఉన్నాడని కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత అడిగింది. "వాడేం జేసినాడు?"

"పెండ్లాంబిడ్డల్ని ఇడ్సిపెట్టినాడు."

"ఇంగా?"

"స్నేహితున్ని జైలుకు పంపినాడు."

"మావోడు అది జేయల్యా" అంది అమ్మ. "మల్ల వాని మీంద నీకంత పేమ యాట్నించి వచ్చింది?"

బల్లి సంగతి చెప్పాను. చెబుతుంటే నా మాటలు నాకే వెగటుగా వినిపించాయి.

"మీయన్నకు ఉరుములంటే బయం. మీసాలొచ్చినాక గూడా నా కొంగు పట్టుకుని పండుకునేటోడు. నీకు తెలుసు, ఆ పక్కనే పండుకునేదానివి గదా" అంది అమ్మ. "దాన్ని ఎవురన్నా పత్రికలో రాసింటే బాగుండు పాపా."

మరుసటి రోజు సెలవు పెట్టి అమ్మను వెంటబెట్టుకుని సున్నిపెంట బస్సెక్కాను. కోపం పోలేదు. అడవి దారి పొడవునా వదిన ముఖమే కనబడింది. ఏం మాట్లాడాలో తెలియకుండానే, కాలనీలో ఆ ఇల్లు కనుక్కుని తలుపు కొట్టాను. అమ్మ ఇంకా వీధి మలుపు అవతలే మెల్లగా నడిచి వస్తోంది.

అన్న తలుపు తీశాడు. నన్ను చూడగానే వాడి ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"అమ్మ పోయిందా?" అన్నాడు.